తూర్పు పైపు, పడమటి పైపు

మా ఊళ్ళో కుడి ఎడమలు లేవు. ఉన్నవల్లా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఉద్దానం ఊళ్ళలో మాదొకటి. సముద్రపు హోరు ఎటునుంచి వినిపిస్తే అటు తూర్పు, పాలు తాగే పిల్లకు కూడా అది తెలుసు. మంగలి తల కాస్త ఉత్తరానికి వంచమంటాడు. బస్సులో కండక్టరు పడమటికి జరగమంటాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అందరం వరసగా కూర్చుని అన్నం తింటుంటే మా మావ నా మొహం చూసి, "ఒలే గుంటా, నీ మూతికి దచ్చినం పక్క మెతుకు అంటుకున్నాది, తుడుసుకో" అన్నాడు. నేను టెక్కలిలో ఆఫీసు గుమస్తా ఇంట్లో పెరిగినదాన్ని. దక్షిణం ఎటో తెలియక మొహమంతా తడుముకుంటుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుదలకు పోయి ఆర్నెల్లలో దిక్కులన్నీ నేర్చేసుకున్నాను. ఎంతగా నేర్చుకున్నానంటే, చివరికి కొంప ముంచేంతగా.

మావ అంటే మామగారే. కానీ అంతకు ముందే ఆయన నాకు మేనమామ, మా అమ్మకు తమ్ముడు. అందుకని ఆయన ముందు కొంగు కప్పుకోవడాలూ తలొంచుకోవడాలూ నాకు లేవు. నోటికి వచ్చింది నేననేదాన్ని, నోటికి వచ్చింది ఆయననేవాడు. మా అత్త మాత్రం ఇద్దరినీ కలిపి తిట్టేది.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. రొయ్యల చెరువులు తవ్వించి చేతులు కాల్చుకున్న ఒక ఆసామి ఊరొదిలి పోతుంటే, ఆయన దగ్గర మావ ఒక పాత చిన్న ట్రాక్టరు తెచ్చాడు. మామూలు ట్రాక్టరు పక్కన నిలబెడితే దూడలా ఉండేది. దాని గొప్పంతా ముందరుంది. ముందు రెండు ఇనప చేతులు, చేతుల చివర ఒక బకెట్టు. సీటు పక్కనున్న లీవరు లాగితే బకెట్టు లేస్తుంది, తోస్తే దిగుతుంది. ఇంకో లీవరుతో ఒంగి, ఎత్తింది ఒలకబోస్తుంది. పెంట, ఇసక, కొబ్బరి డొక్కలు, ఏదైనా సరే ఎత్తి చెట్టు మొదట్లో పోసేస్తుంది. అది రాకముందు ఆ పనంతా గంపలతో నెత్తిమీద. ఎవరి నెత్తి అంటే, నాది.

ఒకసారి మా బావకు కాలు బెణికింది. బావంటే మా ఆయన అన్న, పక్కింట్లోనే ఉంటాడు, అప్పటిదాకా బండి తోలేవాడు అతనే. మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పొద్దుటి పాసింజరులో వెళ్తే మళ్ళీ సాయంత్రమే రావడం. బండి ఊరికే పడుంది. నేను చీర బిగించి ఎక్కి కూర్చున్నాను. మూడు రోజుల్లో వచ్చేసింది. ఆ సీటు మీద కూర్చుంటే కంచెలన్నీ కిందికి పోయి, కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం కనిపించేది. పొద్దున్నే ఇంటిముందు నుంచి బండి తీస్తే ఎండ సూటిగా మొహం మీద పడేది, కొంగు నెత్తిన వేసుకుని పాడుకుంటూ తోలేదాన్ని. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. మా ఆయనతో కూడా అన్నానా మాట, ఏమీ అనుకోలేదు.

బావ కాలు బాగుపడింది. వచ్చి "దిగమ్మా" అన్నాడు. దిగాను. అక్కణ్ణుంచి అదే తంతు. బండి బాగుంటే బావది, మొరాయిస్తే నాది.

ఒక వేసవిలో బండి గట్టిగానే మొరాయించింది. బకెట్టు ఎత్తి వదిలితే ముసలి ఎద్దు తలలా మెల్లగా కిందికి వాలిపోయేది. కొన్నాళ్ళకి అసలు లేవడమే మానేసింది. సీటు పక్కనుండే వాల్వు లోంచి, అంటే లీవర్లు అమర్చిన ఆ ఇనప దిమ్మలోంచి, ఆయిలు బొట్లుబొట్లుగా వాకిట్లో కారేది. వాకిలేమో అత్తకి జీడిపిక్కలు ఎండబోసుకునే చోటు. జీడిపిక్కలకి ఆయిలు అంటుకుంటే పలాస వ్యాపారి మొహం తిప్పుకుంటాడు. అత్త రోజూ పొద్దున్నే ట్రాక్టరుని తిట్టేది, దాన్ని తెచ్చిన మావని తిట్టేది, దానికి బొట్టు పెట్టే నన్ను తిట్టేది.

చివరికి మావ పాత ఇనుము కొనే వ్యాపారికి కబురు పెట్టేశాడు. గురువారం పొద్దున్న వ్యాను తీసుకుని వస్తానన్నాడట.

"ముక్కలు కోసి పట్టుకుపోతాడు మావా" అన్నాను.

"కోసుకోనీ. ఎత్తని బకెట్టు ఎందుకే మనకి, బియ్యం కడుక్కోడానికా?"

"గురువారం లోపల ఎత్తితే?"

మావ చుట్ట నోట్లోంచి తీశాడు. "ఆడొచ్చినప్పటికి బకెట్టు లెగిసిందా, బండి ఉంటాది. లెగనేదా, ఆడు అట్టుకుపోతాడు. ఇదే మాట ఆడికీ సెప్తాను." మాటంటే మావకి మాటే. మధ్యలో ఉన్నది సోమ, మంగళ, బుధ. మళ్ళీ గంప నెత్తికెత్తుకోవడమా, ఆ సీటు మీద కూర్చోవడమా అన్నది ఆ మూడు రోజుల్లో తేలాలి.

వాల్వు ఊడదీసి పలాస తీసుకెళ్తే లోపలి రబ్బరు సీళ్ళు మారుస్తారని మా ఆయన కనుక్కొచ్చాడు. మంగళవారం నేనూ మావా విప్పడానికి కూర్చున్నాం. దిమ్మకి రెండు లావు పైపులు, నాలుగు సన్న పైపులు. లావు పైపులు ఒకటి ఆయిలు తెచ్చేది, ఒకటి తీసుకుపోయేది. వాటి సైజులు వేరు, మార్చి పెడదామన్నా పట్టవు. సన్నవి నాలుగూ ఒకే సైజు, ఒకే రంగు, కవల పిల్లల్లా ఉన్నాయి. వాటి నట్టులకి లోకంలో ఏ పానా పట్టదు. బండితోపాటు ఆసామి ఇచ్చిన పానా ఒక్కటే పడుతుంది.

గుమస్తా కూతుర్ని కదా, పైపులకి నంబర్లు వేద్దామన్నాను.

"నంబర్లేటే, మతిలేని మాట" అన్నాడు మావ. "దిమ్మకి నాలుగు పక్కలా నాలుగు నోళ్ళున్నాయి. తూరుపు నోట్లోది తూరుపు పైపు. పడమటిది పడమటి పైపు. సిన్నపిల్లడికి సెప్పినా బిగించేత్తాడు."

నాకెంత సబబుగా తోచిందో చెప్పలేను. టెక్కలి నుంచి వచ్చిన రోజునైతే నవ్వేదాన్ని. పాత క్యాలెండరు చింపి, గుండ్రటి అక్షరాలతో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు చీటీలు రాసి, ఒక్కో పైపుకి ఒకటి టేపుతో చుట్టాను. మావ చదివించుకుని విని, "సదువుకున్నదాని పని ఏరు" అన్నాడు.

బుధవారం పొద్దుటి పాసింజరులో వాల్వుని సంచిలో వేసుకుని పలాస బయల్దేరాను. ఎంత తుడిచినా ఆయిలు సంచి అడుగునుంచి ఊరుతూనే ఉంది. రైలు కదిలాక ఎదురుగా కూర్చున్న పెద్దావిడ సంచినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఆవకాయేటమ్మా? నూనె కారిపోతన్నాది."

ఇనుమని చెప్తే మొత్తం కథ చెప్పాలి. "ఔనమ్మా, కొత్తావకాయ" అన్నాను.

"కూతురికేటి?"

"అత్తకి."

"ఒక బద్ద ఎట్టమ్మా, రుసి సూత్తాను. నా టిపినులో పెరుగన్నం ఉన్నాది." అని మూత తీసేసింది కూడా. అత్తారింటికి పట్టుకెళ్ళే ఆవకాయ దారిలో ఇంకొకరికి పెడితే మా వైపు అరిష్టమని ఒక ఆచారం అప్పటికప్పుడు పుట్టించాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుని, ఆచారమంటే ఆచారమే అంది. పలాసలో దిగాక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, ఆటోవాళ్ళు ఎక్కించుకోవడానికి జంకారు.

స్టేషను దగ్గర షాపాయన వాల్వు విప్పి, లోపలనుంచి చిన్న రబ్బరు ఉంగరాలు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎండిన మిరపగింజల్లా పొడిపొడిగా ఉన్నాయి. ఇవి పోవడం వల్లే ఆయిలు బలం పట్టడం లేదన్నాడు. కొత్తవి వేసి బిగించి, "దిమ్మ బాగుంది, పైపులు ఎక్కడివక్కడ పెట్టుకోవడమే మీ పని" అన్నాడు. అదెంత పని అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరితే వాకిట్లో ట్రాక్టరు లేదు, జీడిపిక్కలున్నాయి. వ్యాపారి ఒకరోజు ముందే వచ్చి పట్టుకుపోయాడేమో అనుకున్నాను. అత్త తాపీగా పిక్కలు కలబెడుతూ, "తోటలోకి తోయించేసినాను, ఆయిలు బొట్లు అక్కడ పడనీ" అంది. పక్కిళ్ళవాళ్ళని పిలిచి, బకెట్టుని మోకులతో ఎత్తి కట్టించి, పల్లం ఎటుంటే అటు తోయించిందట. కొబ్బరిచెట్ల నీడలో ట్రాక్టరు చక్కగా ఉంది. బకెట్టు నేలకి ఆనించి ఉంది. అది చూసి ఊపిరి పీల్చుకున్నాను తప్ప, ఇంకేమీ చూడలేదు.

సాయంత్రం మావా నేనూ బిగింపుకి దిగాం. దిమ్మ తన బోల్టుల్లో కూర్చుంది. లావు పైపులు రెండూ ఎక్కేశాయి. ఇక సన్నవి.

"తూరుపు" అన్నాడు మావ.

హోరు వినిపించే వైపు చూసి, తూర్పు చీటీ ఉన్న పైపు తూర్పు నోట్లో పెట్టాను. పడమర పడమట్లో, ఉత్తరం ఉత్తరంలో, దక్షిణం దక్షిణంలో. మావ ఒక్కోదాన్నీ ఆ పానాతో బిగించాడు. పైపులు ఒకదాని మీదనుంచి ఒకటి మెలికపడి వెళ్ళాయి, మునుపు ఇలా లేవేమోనన్నాను. "కొత్త సీళ్ళు గదే, సర్దుకుంటాయి" అన్నాడు మావ. సీళ్ళకీ పైపులకీ ఏం సంబంధమో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆయిలు మా ఆయన పలాసనుంచి తెచ్చేసరికి చీకటి పడింది, పొద్దున్నే పోసుకుందామని పడుకున్నాం.

గురువారం పొద్దున్న ఆయిలు పోసి మూత పెడుతుండగానే వ్యాపారి వచ్చేశాడు. సన్నగా, నెమ్మదిగా, నోట్లో పంచదార పోసుకున్నట్టు మాట్లాడే మనిషి. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తన చేతిసంచిని బకెట్లో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ సంచి పెట్టిన తీరుకే నాకు మండింది. బండి అప్పుడే తన సొంతమైపోయినట్టు పెట్టాడు. బావ కూడా వచ్చి కంచె దగ్గర పళ్ళు తోముకుంటూ నిలబడ్డాడు. అత్త చేటలో పిక్కలతోనే వచ్చింది.

ఎక్కి కూర్చున్నాను. ఇంజను అందుకుంది. అందరు దేవుళ్ళనీ తలుచుకుని లీవరు లాగాను.

బకెట్టు లేవలేదు. నేను లేచాను. బకెట్టు నేలని తన్నిపెట్టింది, ముందుచక్రాలు గాల్లోకి లేచిపోయాయి, నా కాళ్ళు పైకి, తల వెనక్కి. ఎదురుగా సముద్రమూ లేదు, తోటా లేదు, కొబ్బరి మట్టలూ ఆకాశమూ ఉన్నాయి. అత్త చేతిలో చేట ఎగిరి పిక్కలు జల్లున రాలాయి. భయంతో లీవరు అవతలికి తోశాను. ముందుచక్రాలు దబ్బున నేలకు దిగాయి. చెయ్యి వెంటనే తీసేశాను.

అత్త వంగి చేట తీసుకుని, రాలిన పిక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"బాబూ, మన మాట బకెట్టు గురించి" అన్నాడు వ్యాపారి వినయంగా. "బండి లెగిసింది. బాగానే లెగిసింది. బకెట్టు లెగనేదు."

మావ చుట్ట ఆరిపోయింది. "ఔను" అన్నాడు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. మాట ఇచ్చేసిన మనిషి. వ్యాపారి వ్యానతనికి సైగ చేశాడు. నేను మాత్రం సీటు దిగలేదు. లాగి దింపుకోండి చూద్దామన్నట్టు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. వీపు చుర్రుమని కాలుతోంది. కొంగు వెనక్కి లాక్కున్నాను. అయినా కాలుతోంది.

వీపెందుకు కాలుతోంది?

ఈ సీటు మీద పొద్దుటెండ ఎప్పుడూ మొహానికే కొట్టేది. బండి మొహం ఎప్పుడూ తూర్పుకే ఉండేది. తల తిప్పి చూశాను. సూర్యుడు నా వెనకున్నాడు, సముద్రం నా వెనక హోరెత్తుతోంది. అత్త తోయించినప్పుడు బండి గిర్రున తిరిగి పడమటికి మొహం పెట్టింది. నిన్న మేము బిగించిన తూర్పు, బండికి మొన్నటి పడమర. ఇద్దరం కూర్చుని, దిక్కులు ఒకటికి రెండుసార్లు చూసుకుని, నాలుగు పైపుల్నీ తారుమారుగా ఎంత శ్రద్ధగా బిగించామో.

నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఆగలేదు. స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతున్నాను.

"గుంటకి మతి పోనాది" అంది అత్త.

"మావా," అన్నాను ఎలాగో, "బండి పడమటికి తిరిగున్నాది. తూర్పు పైపు పడమట్లో ఉన్నాది."

"తూరుపు పైపు తూరుపులోనే ఉన్నాది. నాను బిగించినాను" అన్నాడు మావ పౌరుషంగా. అని, సముద్రం వైపు చూశాడు. బండి మొహం చూశాడు. పైపుల వైపు చూశాడు. ఆయన చెవులదాకా నవ్వు పాకడం నాకిప్పటికీ కళ్ళముందుంది.

విప్పి మార్చే తీరిక లేదు. అవసరమూ లేదు. ఎత్తాలంటే లాగే లీవరుని ఈసారి తోశాను, మెల్లగా. బకెట్టు నేల విడిచింది. మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు. వణుకు లేకుండా, చుక్క ఆయిలు కారకుండా, ఇంజను మీదుగా పైకెళ్ళి నిలబడింది.

వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. "అమ్మ తోసింది బాబూ. బకెట్టు లెగాలంటే లాగాలి గదా. ఇది లెక్కలోకి రాదు."

"లెగనేదంటావా?" అన్నాడు మావ.

"లెగనేదనే నా మాట."

"మరి నీ సంచేదీ?"

అందరం పైకి చూశాం. సంచి పిడి బకెట్టు అంచున వేలాడుతోంది. వ్యాపారి కూడా తలెత్తి చాలాసేపు చూశాడు.

"దింపించండి బాబూ, అందులో నా టిపినుంది" అన్నాడు.

నెమ్మదిగా దింపుదామనే అనుకున్నాను, ఒట్టు. కంగార్లో రెండో లీవరు మీద చెయ్యి పడింది, అదీ తారుమారే కదా. బకెట్టు ఒంగి సంచిని సరిగ్గా అత్త చేటలో ఒలకబోసింది. బావకి నోట్లో నురగ గొంతుకడ్డం పడి దగ్గొచ్చింది. వ్యాపారికి కూడా నవ్వాగలేదు పాపం. అత్త ఆయనకి కాఫీ ఇచ్చి, మా ఇంట్లో ఉన్న పాత గునపం ఒకటి చేతిలో పెట్టి, వట్టి చేతులతో పోవద్దని సాగనంపింది.

వ్యాను మలుపు తిరిగిందో లేదో బావ మొహం కడుక్కుని వచ్చాడు.

"దిగమ్మా, ఇంక నాను తోల్తాను."

దిగాను. ఎక్కాడు. లాగాడు. ఆకాశంలోకి లేచాడు. దిగాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ లేచాడు. అతని చేతులకి లాగడమే అలవాటు, బుర్ర తొయ్యమంటే చేతులు లాగుతాయి. నాలుగోసారి ముందుచక్రాలు నేలకు కొట్టుకున్నాక దిగొచ్చి, "రేపు ఈ పైపులు సరిగ్గా మార్చీసి తోల్తాను" అన్నాడు. నాకు తెలిసిన సంగతే. బాగుపడింది కదా, ఇక అతనిది. నవ్వంతా ఎటు పోయిందో పోయింది. గురువారం గడిచింది గాని, ఆ సీటు నాకు దక్కలేదు.

మర్నాడు పానా కనిపించలేదు. ఆ నట్టులకి పట్టే ఒకే ఒక్క పానా. ఇల్లంతా వెతికాం, జీడిపిక్కల గోనెలు విప్పి చూశాం, అత్త బావిలోకి కూడా తొంగి చూసింది. బావ ఇంకేదో పానా తెచ్చి తిప్పబోతే నట్టు అంచులు అరిగాయి. "నట్టు పోతే పైపు పోద్ది, ఒగ్గీరా" అని మావ కేకేశాడు. నేనూ నిజాయితీగానే వెతికాను. రెండ్రోజులు వెతికాక బావ విసుగెత్తి ఊరుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆ బండి తారుమారుగానే పనిచేసింది. ఎత్తాలంటే తొయ్యాలి, దింపాలంటే లాగాలి. ఊళ్ళో ఎవరు ఎక్కినా ఆకాశం చూసి దిగేవారు. ఎవరి తోటకి పెంట ఎత్తాలన్నా, "ట్రాక్టరు పంపండి" అనడం మానేసి "కోడల్ని పంపండి" అనడం మొదలుపెట్టారు. నేను కొంగు నెత్తిన వేసుకుని పాడుకుంటూ వెళ్ళేదాన్ని.

అయిదారేళ్ళ తర్వాత ఒక పగటిపూట మావ మంచం మీద కూర్చుని, రేషను కార్డు తన ట్రంకుపెట్టెలో ఉంది తియ్యమన్నాడు. పాత పంచెల కింద చేతికి చల్లగా బరువుగా తగిలింది. గుడ్డ విప్పితే పానా. దానికి చుట్టి ఉన్న క్యాలెండరు ముక్క మీద నా గుండ్రటి అక్షరాలు: తూర్పు.

చీటీని వేలితో సాపు చేశాను. మావే అన్నాడు.

"దొరికిందేటి?"

"దొరికింది."

"సరిగుంటే ఆ బండి అందరిదీనే గుంటా. తప్పుగుందని నీదయ్యింది" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ. తల తిప్పకుండానే అడిగాడు. "ఎక్కడున్నాది?"

"పెట్టెకి ఈశాన్యం మూల" అన్నాను.

"అక్కడే పెట్టీ."

గుడ్డ మళ్ళీ చుట్టి, ఈశాన్యం మూలే పెట్టేసి, రేషను కార్డు తీసి ఆయన చేతికిచ్చాను.